మొదటి ఇల్లు కొనే ముందు వేసుకోవలసిన లెక్కలు: వడ్డీ రాయితీ, ఆదాయపు పన్ను, బ్యాంకు అప్పు

అనంతపురంలో ఇల్లు కొనే పద్ధతి చాలామందికి ఒకటే. ఆదివారం బ్రోకరు వెంట వెళ్లి ఇల్లు చూస్తారు, సింహద్వారం తూర్పుకా ఉత్తరానికా అని అడుగుతారు, బోరులో నీళ్లు ఎన్ని అడుగుల్లో పడ్డాయో కనుక్కుంటారు, నచ్చితే ఆ సాయంత్రమే బయానా ఇచ్చి వస్తారు. బ్యాంకుకు వెళ్లేది ఆ తరువాతి వారం. పన్ను సంగతి ఆడిటరును అడిగేది రిజిస్ట్రేషన్ కూడా అయిపోయాక. కర్నూలులోనూ కడపలోనూ ఇందుకు పెద్ద తేడా ఉండదు.

నష్టమంతా ఈ వరుసలోనే ఉంది. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే వడ్డీ రాయితీకి పెట్టిన హద్దులు ఇంటి విలువ మీద, ఇంటి వైశాల్యం మీద, అప్పు మొత్తం మీద, కుటుంబ ఆదాయం మీద ఆధారపడి ఉంటాయి. అగ్రిమెంటు రాసుకున్న తరువాత వీటిలో ఏదీ మన చేతిలో ఉండదు. అందువల్ల ఇక్కడ వరుస తిరగేసి చెబుతున్నాను: ముందు డబ్బు, తరువాత కాగితాలు, ఆ తరువాతే బయానా.

1. ఇల్లు చూడక ముందే నాలుగు అంకెలు రాసుకోండి

ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో విడత 2024 సెప్టెంబరు 1న మొదలైంది. అందులోని వడ్డీ రాయితీ విభాగం సొంతంగా బ్యాంకు అప్పు తీసుకొని మొదటి ఇల్లు కొనేవారికి ఉద్దేశించినది. దాని హద్దులు నాలుగు. కుటుంబ వార్షికాదాయం 9 లక్షలు దాటకూడదు. ఇంటి విలువ 35 లక్షలు దాటకూడదు. అప్పు 25 లక్షలు దాటకూడదు. కార్పెట్ ఏరియా 120 చదరపు మీటర్లు, అంటే సుమారు 1,290 చదరపు అడుగులు దాటకూడదు. అప్పు కూడా పథకం మొదలైన తేదీన గాని, ఆ తరువాత గాని మంజూరై ఉండాలి.

ఈ నాలుగింటిలోకి వస్తే అప్పులో మొదటి 8 లక్షల మీద, 12 ఏళ్ల కాలపరిమితి వరకు, 4 శాతం వడ్డీ రాయితీ లెక్కగడతారు. మొత్తం మీద వచ్చేది గరిష్ఠంగా 1.80 లక్షలు. అది ఒకేసారి రాదు. ఏడాదికొకటి చొప్పున ఐదు వాయిదాల్లో వస్తుంది. పూర్తి మొత్తానికి అర్హులైతే ఒక్కో వాయిదా 36,000 రూపాయలు. ప్రతి వాయిదా పడే నాటికి అప్పు ఖాతా సక్రమంగా నడుస్తూ ఉండాలి, అసలులో సగానికి పైగా బాకీ మిగిలి ఉండాలి. రెండో షరతు చాలామందికి తెలియదు. ఊళ్లో పొలం అమ్మిన డబ్బు చేతికి రాగానే అప్పులో ముప్పాతిక భాగం కట్టేస్తే ఆ తరువాతి వాయిదాలు ఆగిపోతాయి. అటువంటి ఆలోచన ఉన్నవారు ఐదు వాయిదాలూ పడేదాకా బాకీ సగానికి దిగకుండా చూసుకొని కట్టడం మంచిది.

బ్రోకర్లు ఇప్పటికీ “రెండు లక్షల అరవై ఏడు వేల సబ్సిడీ వస్తుంది సార్” అంటూ ఉంటారు. అది పాత పథకం లెక్క. ఆ పథకం 2022 మార్చి 31తో ముగిసింది. మధ్యతరగతి వర్గాలకైతే అంతకు ఏడాది ముందే ముగిసింది.

కార్పెట్ ఏరియా దగ్గర మన ఊళ్లలో ఒక ఇబ్బంది ఉంది. అమ్మేవారు చెప్పేది స్లాబు వైశాల్యం. పథకం చూసేది గోడల లోపల నేల వైశాల్యం. కాబట్టి 1,400 చదరపు అడుగుల స్లాబు అన్నంత మాత్రాన ఆ ఇంటిని పక్కన పెట్టనవసరం లేదు, గోడల మందం తీసేస్తే అది హద్దులోకే రావచ్చు. అదే మూడు సెంట్ల స్థలంలో కింద ఒక పోర్షను, అద్దెకిచ్చుకుందామని పైన ఒక పోర్షను ఉన్న ఇల్లయితే రెండు అంతస్తులూ కలిపి హద్దు దాటడం ఖాయం. పై పోర్షను నుంచి ఏటా వచ్చే అద్దె ఎంత, పోయే రాయితీ ఎంత అని కూర్చొని లెక్క వేయండి. కొన్నిసార్లు రాయితీని వదులుకోవడమే లాభం.

ఇక కుటుంబం అంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు. వీరిలో ఎవరి పేరు మీదా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. పెళ్లై వేరు కాపురం ఉంటున్నవారికి ధర్మవరంలో నాన్నగారి పేరున ఉన్న ఇల్లు అడ్డు కాదు. భార్య పేరున పుట్టింటివారు రాసిచ్చిన ఇల్లు మాత్రం అడ్డే. గడచిన 20 ఏళ్లలో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల గృహ పథకం దేనిలోనైనా లబ్ధి పొంది ఉండకూడదు. ప్రభుత్వ కాలనీలో ఇల్లు మంజూరై, కట్టుకోకుండా వదిలేసినవారు ఆ పేరు జాబితాలో ఉందో తీసేశారో వార్డు సచివాలయంలో ముందుగా కనుక్కోవాలి. ఆధార్ నంబరుతో సరిచూసేటప్పుడు అది బయటపడితే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది.

దరఖాస్తు పథకం పోర్టల్‌లో మీరే పెట్టుకోవచ్చు, అప్పిచ్చే బ్యాంకు ద్వారా కూడా పెట్టవచ్చు. కుటుంబ సభ్యులందరి ఆధార్, ఆదాయానికి రుజువు, ఎక్కడా పక్కా ఇల్లు లేదన్న హామీపత్రం దగ్గర పెట్టుకోండి. అప్పు దరఖాస్తు ఇచ్చిన రోజే “ఈ అప్పును వడ్డీ రాయితీ కింద పంపించండి” అని రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అడిగితే బదిలీ అయి వచ్చిన కొత్త మేనేజరుకు ఆ సంగతి తెలియదు.

కొనడం కాకుండా, సొంత స్థలంలో కట్టుకోదలచి, కుటుంబ ఆదాయం 3 లక్షల లోపు ఉన్నవారికి ఇదే పథకంలో మరో దారి ఉంది. అందులో కేంద్రం 1.50 లక్షలు, రాష్ట్రం కనీసం లక్ష రూపాయలు ఇస్తాయి. రెండు దారుల్లో ఒక్కటే ఎంచుకోవాలి.

2. పన్ను మిగులుతుందన్న మాటను కాగితం మీద పెట్టి చూడండి

“ఇల్లు కొంటే టాక్స్ మిగులుతుంది” అన్న మాట మా నాన్నగారి తరంలో నిజమే. పాత పన్ను విధానంలో సొంతంగా ఉండే ఇంటి అప్పు మీద ఏడాదికి 2 లక్షల వరకు వడ్డీని సెక్షన్ 24(బి) కింద, కట్టిన అసలును ఇతర పొదుపులతో కలిపి 1.50 లక్షల వరకు 80సి కింద ఆదాయంలోంచి తీసివేయవచ్చు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ రుసుము కూడా కట్టిన సంవత్సరంలో ఆ 80సి లోపలే చూపవచ్చు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలులోకి రావడంతో సెక్షన్ల నంబర్లు మారాయి గాని, ఆడిటర్లు, బ్యాంకులవారు ఇంకా పాత నంబర్లతోనే మాట్లాడుతున్నందున నేనూ అవే వాడుతున్నాను.

చిక్కేమిటంటే ఈ మినహాయింపులు పాత విధానం ఎంచుకున్నవారికి మాత్రమే. 2023-24 నుంచి కొత్త విధానమే సహజ విధానం అయింది. మీరు వేరుగా కోరుకుంటే తప్ప అదే వర్తిస్తుంది. అందులో సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి గాని అసలుకు గాని తగ్గింపు లేదు. అయితే 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల వరకు ఆదాయం మీద రిబేటు వల్ల పన్నే లేదు. జీతగాళ్లకు 75,000 ప్రామాణిక తగ్గింపు కలుపుకొని 12.75 లక్షల దాకా పన్ను పడదు.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. అనంతపురంలో పనిచేసే ఒక ఉపాధ్యాయునికి ఏడాదికి 9 లక్షల జీతం ఉందనుకుందాం. ఆయన 20 లక్షల అప్పు 20 ఏళ్లకు, 8.5 శాతం వడ్డీకి తీసుకుంటే నెల కంతు 17,356 రూపాయలు. మొదటి ఏడాది కట్టేదానిలో సుమారు 1.68 లక్షలు వడ్డీకే పోయి, అసలుకు చేరేది 40 వేలకు కొంచెం తక్కువ. పాత విధానంలో 50,000 ప్రామాణిక తగ్గింపు, 1.68 లక్షల వడ్డీ, 1.50 లక్షల 80సి మొత్తం తీసివేసినా ఆయనకు దాదాపు 19,700 పన్ను పడుతుంది. కొత్త విధానంలో ఏమీ చూపకుండానే పన్ను సున్నా. అంటే ఆ అప్పు వల్ల ఆయనకు పన్నులో మిగిలింది ఒక్క రూపాయి కూడా లేదు.

జీతం ఎక్కువైతే మారుతుందా? 18 లక్షల జీతం ఉన్న వైద్యుడికి కొత్త విధానంలో పన్ను సుమారు 1.51 లక్షలు. పాత విధానంలో ఇంటి వడ్డీ పూర్తి 2 లక్షలు, 80సి పూర్తి 1.50 లక్షలు వాడుకున్నా 2.42 లక్షలు వస్తుంది. ఆ జీతానికి పాత విధానం గిట్టుబాటు కావాలంటే ప్రామాణిక తగ్గింపుతో సహా దాదాపు 6.9 లక్షల తగ్గింపులు చూపగలగాలి. సొంత ఇంట్లో ఉంటూ అద్దె భత్యం మినహాయింపు పోగొట్టుకున్నవారికి అది బహు అరుదు.

కనుక సంగతి ఇది: వడ్డీ రాయితీకి అర్హత ఉన్న 9 లక్షల లోపువారికి కొత్త విధానంలో అసలు పన్నే లేదు, పన్ను కట్టేవారికి వడ్డీ రాయితీ అర్హత లేదు. ఈ రెండు లాభాలూ ఒకే ఇంటికి రావడం దాదాపుగా జరగదు. ఇల్లు అమ్మేవారి కరపత్రాల్లో రెండింటినీ కూడి “మొత్తం లాభం ఇన్ని లక్షలు” అని వేస్తే ఆ అంకెను కొట్టివేయండి.

80ఈఈఏ కింద మరో లక్షన్నర వస్తుందని కూడా చెబుతారు. అది 2019 ఏప్రిల్ 1 నుంచి 2022 మార్చి 31 వరకు మంజూరైన అప్పులకు మాత్రమే. ఇప్పుడు తీసుకునే అప్పుకు వర్తించదు.

పన్ను నిజంగా కలిసొచ్చే చోటు ఒకటుంది, అది అద్దెకిచ్చిన భాగం. పైన చెప్పిన రెండు పోర్షన్ల ఇంట్లో పై భాగాన్ని నెలకు 8,000కు అద్దెకిస్తే ఏడాదికి 96,000 వస్తుంది. అందులో కట్టిన మునిసిపల్ పన్ను పోగా మిగిలినదానిలో 30 శాతం నేరుగా తగ్గిస్తారు. ఆ భాగానికి దామాషాగా పడే వడ్డీని కూడా, కొత్త విధానంలో సైతం, ఆ అద్దె మీద తీసివేయవచ్చు. అద్దె మీద పన్ను దాదాపుగా పోతుంది. కాని వడ్డీ అద్దెను మించినా ఆ నష్టాన్ని కొత్త విధానంలో జీతం మీద సర్దుకోవడానికి వీల్లేదు.

జీతగాళ్లు ఏ విధానమన్నది ఏటా గడువులోపు రిటర్ను వేసేటప్పుడు మార్చుకోవచ్చు. వ్యాపార ఆదాయం ఉన్నవారికి ఆ స్వేచ్ఛ లేదు. కొత్త విధానం వదిలి పాతదానికి వెళ్లి తిరిగి వస్తే మళ్లీ వెనక్కు వెళ్లలేరు. అంగడి నడుపుకొనేవారు ఈ నిర్ణయం ఒక్క ఇంటి అప్పును చూసి తీసుకోకండి.

3. చేతిలో ఎంత ఉండాలో తేల్చుకోండి

రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల వరకు ఉన్న గృహరుణాల్లో ఇంటి విలువలో 90 శాతం వరకు, 30 నుంచి 75 లక్షల మధ్య 80 శాతం వరకు అప్పు ఇవ్వవచ్చు. ఇవ్వవచ్చు అన్నారు గాని ఇచ్చి తీరాలని అనలేదు. పాత ఇళ్లకు, పట్టణం అంచున ఉన్న ఇళ్లకు బ్యాంకులు అంతకన్నా తక్కువే ఇస్తాయి. పది లక్షలు దాటిన ఇళ్లకు స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఇంటి విలువలో కలపరు. మన రాష్ట్రంలో విక్రయ దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం, వెరసి 7.5 శాతం. 30 లక్షల ఇంటికి ఇది 2.25 లక్షలు. వడ్డీ రాయితీ కోసం అప్పును 25 లక్షల దగ్గర ఆపుకుంటే మీ వాటా 5 లక్షలు. రెండూ కలిపి 7.25 లక్షలు. దీనిపైన న్యాయవాది అభిప్రాయం, విలువ కట్టే ఇంజనీరు ఫీజు, ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ, దస్తావేజుల తనఖా రిజిస్ట్రేషన్ ఖర్చు, గృహప్రవేశం. అంతా కలిపి ఎనిమిది లక్షలు చేతిలో లేకుండా 30 లక్షల ఇంటి జోలికి వెళ్లకండి.

కట్టడంలో ఉన్న అపార్టుమెంటు కొనేవారికి జీఎస్టీ అదనం: 45 లక్షల లోపు విలువ, మన ఊళ్లలోనైతే 90 చదరపు మీటర్ల లోపు కార్పెట్ ఏరియా ఉన్న ఫ్లాటుకు 1 శాతం, లేకుంటే 5 శాతం. కట్టడం పూర్తయినట్లు ధ్రువపత్రం వచ్చిన ఫ్లాటుకు జీఎస్టీ లేదు. కొనే ఆస్తి విలువ 50 లక్షలు గాని ఆపైన గాని ఉంటే అమ్మేవారికి ఇచ్చే సొమ్ములో 1 శాతం పట్టుకొని మీరే ప్రభుత్వానికి కట్టాలి.

తక్కువ పడిన డబ్బును చేబదులుగా, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకోవడం మన వైపు అలవాటు. అది ఏడాదికి 24 శాతం. బ్యాంకు అప్పు తక్కువ వడ్డీకి తెచ్చుకున్న సుఖమంతా ఆ రెండు లక్షల చేబదులు తినేస్తుంది. ప్రావిడెంటు ఫండు ఉన్నవారు ఇంటి కోసం తిరిగి కట్టనవసరం లేని అడ్వాన్సు ముందుగా అడగండి. చీటీ ఎత్తుకునే ఆలోచన ఉంటే అగ్రిమెంటు గడువుకు రెండు నెలల ముందే ఎత్తండి. గడువు నెత్తిన కూర్చున్నప్పుడు చీటీ ఎత్తేవారు తోపుడు (పాటలో వదులుకునే సొమ్ము) ఎక్కువిచ్చి నష్టపోతారు.

4. బ్యాంకు దగ్గర ఏం అడగాలి

వెళ్లే ముందు మీ క్రెడిట్ స్కోరు చూసుకోండి. నాలుగు సంస్థలు ఒక్కొక్కటి ఏడాదికి ఒక పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. 750కి పైన ఉంటే వడ్డీ బేరం ఆడగల స్థితిలో ఉన్నట్టే. ఎప్పుడో స్నేహితుడికి హామీ సంతకం పెట్టిన అప్పు ఎగవేతకు వెళితే అది మీ నివేదికలోకి ఎక్కుతుంది. దరఖాస్తు ఇచ్చాక తెలిసేకన్నా ముందే తెలియడం మేలు.

మారే వడ్డీకి బ్యాంకులు ఇచ్చే గృహరుణాలు 2019 అక్టోబరు నుంచి బయటి ప్రామాణికానికి, ఎక్కువగా రిజర్వు బ్యాంకు రెపో రేటుకు (అది బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటుకు) ముడిపడి ఉంటున్నాయి. 2025లో రెపో 6.50 నుంచి 5.25 శాతానికి దిగినప్పుడు పాత ఖాతాల్లో కూడా వడ్డీ తగ్గింది అందువల్లనే. కాబట్టి ఈరోజు వడ్డీ ఎంత అని మాత్రమే కాక, రెపో మీద మీరు కలుపుకొనే శాతం ఎంత, ఎన్ని నెలలకు ఒకసారి సవరిస్తారు అని అడగండి. గృహరుణ సంస్థలకు ఈ నిబంధన లేదు, అవి తమ సొంత రేటును అనుసరిస్తాయి. ఐటీ రిటర్నులు లేని చిన్న వ్యాపారులకు, ఆటో, టైలరు పని చేసుకొనేవారికి చాలాసార్లు అవే గతి. అక్కడ వడ్డీ కొన్ని శాతం ఎక్కువ ఉంటుంది. రెండేళ్లు రిటర్నులు వేసుకొని బ్యాంకుకే వెళ్లగలిగితే, ఆ రెండేళ్లు అద్దె కట్టినా నష్టం లేదన్నది నా అభిప్రాయం. కడప కేంద్రంగా నడిచిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న మిగిలిన మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. పల్లెల్లో పాత ఖాతా ఉన్నవారు అక్కడ కూడా విచారించవచ్చు.

వడ్డీలో అర శాతం అంటే ఎంతో చూడండి. 20 లక్షలు, 20 ఏళ్లు: 8.5 శాతమైతే 17,356, 8 శాతమైతే 16,729. నెలకు 627 తేడా, ఇరవై ఏళ్లకు లక్షన్నర. ఇంచుమించు పథకం ఇచ్చే రాయితీ అంత. కాలపరిమితి మరీ పెద్ద సంగతి. అదే అప్పును 8.5 శాతానికి 15 ఏళ్లకు పెట్టుకుంటే కంతు 19,695. నెలకు 2,339 ఎక్కువ కట్టగలిగితే మొత్తం మీద 6.20 లక్షల వడ్డీ తప్పుతుంది. మొదట్లో కష్టమనిపిస్తే 20 ఏళ్లకే తీసుకొని, జీతం పెరిగినప్పుడల్లా అదనంగా కట్టండి. మారే వడ్డీ ఉన్న వ్యక్తిగత గృహరుణాన్ని ముందుగా తీర్చినందుకు జరిమానా వేయకూడదు.

సంతకం పెట్టే ముందు ముఖ్య వివరాల పత్రం అడిగి తీసుకోండి. 2024 అక్టోబరు నుంచి కొత్త గృహరుణాలన్నిటికీ అది ఇవ్వడం తప్పనిసరి. ఫీజులన్నీ కలిపిన నిజమైన వార్షిక వడ్డీ శాతం అందులో ఉంటుంది. నేను నా అప్పుకు అటువంటి కాగితం చూడలేదు. మంజూరైంది 18 లక్షలు, ఖాతా పుస్తకంలో మొదటి పేజీలో పడింది 18,54,000. ఆ 54,000 ఏమిటని అడిగితే, కౌంటరులో ఉన్న అబ్బాయి మంజూరు పత్రం తిప్పి, మూడో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న “ఒకే విడత బీమా ప్రీమియం” అన్న వరుస కింద పెన్ను పెట్టి చూపించాడు. దాని కిందే నా సంతకం ఉంది. ఇరవై ఏళ్ల పాటు ఆ ప్రీమియానికి కూడా వడ్డీ కట్టాలన్నమాట. బీమా ఉండటం మంచిదే; అప్పిచ్చినవారి దగ్గరే కొనాలన్న నిబంధన మాత్రం లేదు. విడిగా టర్మ్ పాలసీ తీసుకొని ఆ కాగితం చూపించండి.

భార్యాభర్తలిద్దరికీ ఆదాయం ఉంటే ఇద్దరూ యజమానులుగా, ఇద్దరూ రుణగ్రహీతలుగా ఉండండి. అప్పు అర్హత పెరుగుతుంది, పాత విధానంలో ఉన్నవారికి తగ్గింపులు ఇద్దరికీ విడివిడిగా వర్తిస్తాయి. దస్తావేజులో పేరు లేకుండా అప్పులో మాత్రమే పేరుంటే పన్ను తగ్గింపు రాదు. వడ్డీ రాయితీ చూసేది మాత్రం ఇద్దరి ఆదాయాన్ని కలిపి అని గుర్తుంచుకోండి.

5. కాగితాలు చదవండి, చదివించండి

ఈసీని, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌ను, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో మీరే తీసుకోవచ్చు. కనీసం 30 ఏళ్లకు తీసుకోండి. ప్రతి వరుసలో ఇచ్చినవారెవరు, పుచ్చుకున్నవారెవరు, దస్తావేజు నంబరు, సంవత్సరం, నాలుగు వైపుల చెక్కుబందీ ఉంటాయి. లింకు డాక్యుమెంట్లను, అంటే ఆ ఆస్తి పాత దస్తావేజులను, పక్కన పరచుకొని ఒక వరుసలో పుచ్చుకున్నవారే తరువాతి వరుసలో ఇచ్చినవారు అవుతున్నారా అని వేలు పెట్టి చూడండి. ఎక్కడ తెగిందో అక్కడ బ్యాంకు న్యాయవాది ఆగిపోతాడు. మన వైపు ఎక్కువగా తెగేది అన్నదమ్ముల భాగపరిష్కారం దగ్గర. పెద్దమనుషుల ముందు నోటిమాటగా పంచుకొని, ముప్పై ఏళ్లుగా ఎవరి భాగంలో వారు గొడవ లేకుండా ఉన్నా, రిజిస్టరు కాని పంపకం మీద బ్యాంకు అప్పు ఇవ్వదు. అక్కచెల్లెళ్లతో సహా అందరి సంతకాలతో అమ్మేవారు పత్రం రిజిస్టరు చేయించుకొని వస్తేనే ముందుకు వెళ్లండి.

డీకేటీ పట్టా భూమిలో, అంటే అసైన్డు భూమిలో, వేసిన ప్లాట్లు పట్టణాల చుట్టూ తక్కువ ధరకు దొరుకుతుంటాయి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డు భూముల బదిలీని 1977 నాటి చట్టం నిషేధించింది. సర్వే నంబరు 22-ఏ కింద రిజిస్ట్రేషన్ నిషేధించిన ఆస్తుల జాబితాలో ఉందో లేదో చూడటానికి పది నిమిషాలు చాలు. లేఅవుటుకు అనుమతి ఎవరిచ్చారో కూడా అడగండి: అనంతపురం వైపు అనంతపురం-హిందూపురం పట్టణాభివృద్ధి సంస్థ, కర్నూలులో కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ, కడపలో అన్నమయ్య పట్టణాభివృద్ధి సంస్థ. అనుమతి లేని లేఅవుటులో ఇంటికి పెద్ద బ్యాంకులు అప్పు ఇవ్వవు. అప్పు లేనిచోట వడ్డీ రాయితీ ప్రశ్నే లేదు. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గాని, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గాని కడుతున్న ప్రాజెక్టు రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) నమోదై ఉండాలి. అమ్మకపు ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకునే హక్కు బిల్డరుకు లేదు.

కర్నూలులో కొనేవారు ఇంకొకటి అడగాలి, ఏ కాగితంలోనూ దొరకనిది: 2009 అక్టోబరు వరదలో ఆ వీధిలో నీళ్లు ఎంతవరకు వచ్చాయి? పక్కింటివారు గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు.

6. బయానా, దస్తావేజు విలువ

అగ్రిమెంటులో ఒక షరతు తప్పక రాయించండి: న్యాయపరమైన లోపం వల్ల బ్యాంకు అప్పు నిరాకరిస్తే బయానా పూర్తిగా వాపసు ఇవ్వాలి. గడువు మూడు నెలలకు తగ్గకుండా పెట్టుకోండి.

ఆ తరువాత అమ్మేవారు తెచ్చే మాట ఒకటుంటుంది. బేరం 32 లక్షలకు కుదిరింది, సర్కారు మార్కెట్ విలువ 20 లక్షలే ఉంది, దస్తావేజు 20కే రాసుకుందాం, మిగతా 12 నగదుగా ఇవ్వండి అంటారు. మీకు 7.5 శాతం చొప్పున 90,000 మిగులుతుందని కూడా వారే చెబుతారు. కాని బ్యాంకు చూసేది 20 లక్షలనే. 90 శాతం ఇచ్చినా 18 లక్షలే. మీ చేతి నుంచి 14 లక్షలు పెట్టాలి. ఉన్నదున్నట్లు 32కు రాసుకుంటే 25 లక్షల అప్పుతో మీ వాటా 7 లక్షలే. ఎక్కువైన 7 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 14,000. మిగిలిందన్న 90,000 ఏడు నెలలు తిరగక ముందే ఆవిరైపోతుంది.

అమ్మేవారు పట్టుబడితే వారికి చట్టం చెప్పండి. స్థిరాస్తి అమ్మకంలో 20,000 గాని ఆపైన గాని నగదుగా పుచ్చుకుంటే, పుచ్చుకున్నంత మొత్తం జరిమానాగా కట్టవలసి రావచ్చు. ఆ జరిమానా పుచ్చుకున్నవారికే. ఈ ఒక్క మాట విన్నాక చాలామంది చెక్కుకు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే నేనైతే ఆ ఇల్లు వదిలేస్తాను.

7. తాళంచెవి చేతికి వచ్చాక

ఇంటి పన్ను, కరెంటు మీటరు పేరు మార్పు వెంటనే చేయించండి. రాయితీ దరఖాస్తు ఏ దశలో ఉందో నెలకొకసారి పోర్టల్‌లో చూడండి. ఏడాది తిరిగినా మొదటి వాయిదా పడకపోతే బ్యాంకుకు ఉత్తరం ఇచ్చి రసీదు పుచ్చుకోండి. ప్రతి ఏప్రిల్‌లో వడ్డీ ధ్రువపత్రం తీసుకోండి, అద్దె ఆదాయం చూపేవారికి అది కావాలి. పాత విధానంలో అసలుకు 80సి వాడుకున్నవారు ఇల్లు స్వాధీనమైన ఆర్థిక సంవత్సరం ముగిసిన ఐదేళ్లలోపు అమ్మితే ఆ తగ్గింపులన్నీ తిరిగి ఆదాయంలో కలుస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యంగా, మీరు బ్యాంకుకు అప్పగించిన అసలు దస్తావేజుల జాబితా మీద మేనేజరు సంతకం, ముద్ర వేయించుకోండి. అప్పు తీరిన 30 రోజుల్లో అవి తిరిగి ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున మీకు చెల్లించాలని 2023 డిసెంబరు 1 నుంచి నిబంధన ఉంది. కాని ఆ రోజు ఏవేవి ఇచ్చారో, ఏది తిరిగి రాలేదో చూపేది ఆ జాబితా ఒక్కటే.